డివైజెస్–వెస్ట్‌మినిస్టర్ పడవ పందెం

డివైజెస్–వెస్ట్‌మినిస్టర్ పడవ పందెం ఇంగ్లండులో ఈస్టర్ పండుగ రోజులలో జరిగే సుదూర కయాక్, కనూ పోటీ. ఇది విల్ట్‌షైర్ ప్రాంతంలోని డివైజెస్ పట్టణపు రేవులో మొదలై, లండన్ నగరంలోని వెస్ట్‌మినిస్టర్ వంతెన వద్ద ముగుస్తుంది. మొత్తం దూరం 125 మైళ్ళు (సుమారు 201 కిలోమీటర్లు). ఈ దారిలో పోటీదారులు పడవను నీటిలోనుంచి తీసి, గట్టు మీద మోసుకుపోయి, తిరిగి నీటిలో దించవలసిన చోట్లు 77 ఉన్నాయి. పడవ నడిపేవారు దీనిని "కనూ క్రీడాకారుల ఎవరెస్టు" అని పిలుచుకుంటారు. సైనికులు, పాఠశాల విద్యార్థులు, పడవ సంఘాల సభ్యులతో పాటు, సేవా సంస్థలకు నిధులు సేకరించదలచిన సామాన్యులు కూడా ఈ పోటీలో పాల్గొంటారు. ఇటువంటి ప్రయాణాల ద్వారా నిధులు పొందే వాటిలో క్యాన్సర్ సేవా సంస్థలు ముఖ్యమైనవి.

చరిత్ర

ఈ పందెం ఒక విరాళపు సవాలుతోనే మొదలైంది. పడవలో సముద్రం దాకా ఎంత త్వరగా చేరవచ్చు అన్న పందాలు విల్ట్‌షైర్ ప్రాంతంలో రెండవ ప్రపంచ యుద్ధానికి ముందే ఉండేవి. యుద్ధానంతరం ఆ ముచ్చట మళ్ళీ తలెత్తింది. డివైజెస్ పట్టణానికి చెందిన రోవర్ స్కౌట్లు తమ ఆహారాన్ని, గుడారాలను పడవలోనే తీసుకొని 100 గంటలలోపు వెస్ట్‌మినిస్టర్ చేరితే వారి దళం నిధికి విరాళం ఇస్తామని ఊరివారు ప్రకటించారు. 1948 ఈస్టర్ సమయంలో నలుగురు యువకులు రెండు పడవలలో బయలుదేరి 89 గంటల 50 నిమిషాలలో గమ్యం చేరారు. ఈ వార్త చుట్టుపక్కల వ్యాపించడంతో మరుసటి సంవత్సరం మరికొన్ని జట్లు అదే దారిలో ప్రయత్నించాయి. 1950 నుండి ఇది నియమ నిబంధనలతో కూడిన పోటీగా రూపు దిద్దుకుంది.

తొలి సంవత్సరాలలో దారి ఇప్పటికంటే కష్టంగా ఉండేది. పందెంలో మొదటి భాగమైన కెన్నెట్–ఏవన్ కాలువ అప్పటికి శిథిలావస్థలో ఉంది. చాలా చోట్ల నాచు, తుంగ, బురద పేరుకొని పడవలను లాక్కుపోవలసి వచ్చేది. 1810లో పూర్తయిన ఈ కాలువను 1852లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే సంస్థ కొనుగోలు చేసింది. సరకు రవాణా రైళ్ళకు మళ్ళడంతో కాలువ క్రమంగా పాడుబడింది. స్వచ్ఛంద కార్యకర్తలు దశాబ్దాల పాటు శ్రమించిన తరువాత, 1990 ఆగస్టు 8న ఎలిజబెత్ రాణి దానిని తిరిగి ప్రారంభించారు.

1979లో బ్రయాన్ గ్రీన్‌హామ్, టిమ్ కార్నిష్ జంట 15 గంటల 34 నిమిషాల 12 సెకన్లలో ఈ దూరాన్ని పూర్తి చేసి రికార్డు నెలకొల్పింది. ఆ తరువాత పడవల తయారీలో ఎంతో మార్పు వచ్చినా, ఈ రికార్డు దశాబ్దాల పాటు చెక్కుచెదరలేదు. కోవిడ్ మహమ్మారి కారణంగా 2020లో పోటీ రద్దయింది. థేమ్స్ నదిలో వరద ఉధృతి ఎక్కువగా ఉన్న సంవత్సరాలలో నిర్వాహకులు దారిని కుదించడం లేదా మార్చడం జరుగుతుంది.

పడవలు

పోటీలో ఎక్కువగా కనిపించేవి కయాక్‌లు. కయాక్‌లో మనిషి కాళ్ళు ముందుకు చాపి కూర్చొని, రెండు చివరలా పలకలు ఉన్న తెడ్డుతో కుడి ఎడమల వైపు మార్చి మార్చి నీటిని వెనుకకు తోస్తాడు. కనూలో తెడ్డుకు ఒకే పలక ఉంటుంది. ఒక్కరు నడిపే పోటీ కయాక్‌ను కే-1 అని, ఇద్దరు నడిపేదానిని కే-2 అని అంటారు. కే-2 పొడవు దాదాపు 6.5 మీటర్లు. ఇది సన్నగా ఉండడం వల్ల వేగంగా పోతుంది గాని సులభంగా ఒరిగిపోతుంది. అందువల్ల చీకటిలో, అలసిన శరీరంతో దీనిని నిలకడగా నడపడమే పెద్ద పరీక్ష. పోటీదారులు తేలే జాకెట్టు ధరించాలి. పొడి బట్టలు, చలి నుండి కాపాడే దుప్పటి, ఈల వంటి అత్యవసర సామగ్రి వెంట ఉండాలి.

మార్గం

ప్రయాణ మార్గాన్ని మూడు భాగాలుగా చూడవచ్చు.

మొదటి భాగం డివైజెస్ నుండి రెడింగ్ వరకు ఉన్న కెన్నెట్–ఏవన్ కాలువ. దీని పొడవు సుమారు 54 మైళ్ళు. మొదటి 15 మైళ్ళలో లాకులు ఉండవు. ఈ భాగాన్ని "లాంగ్ పౌండ్" అంటారు. నీటికి ప్రవాహం లేకపోవడం వల్ల ఇక్కడ వేగమంతా భుజబలం మీదనే ఆధారపడుతుంది. వూటన్ రివర్స్ గ్రామం వద్ద లాకులు మొదలవుతాయి. క్రాఫ్టన్ వద్ద 9 లాకులు వరుసగా వస్తాయి. డివైజెస్ పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే 29 లాకుల కేన్ హిల్ మెట్ల వరుస పట్టణానికి పడమటి వైపున ఉంది. పందెం తూర్పు దిశగా సాగుతుంది కనుక పోటీదారులకు దానితో పని లేదు.

రెండవ భాగం రెడింగ్ నుండి టెడింగ్టన్ వరకు ఉన్న థేమ్స్ నది, సుమారు 55 మైళ్ళు. హెన్లీ, మార్లో, విండ్సర్ పట్టణాల మీదుగా ఈ దారి సాగుతుంది. ఇక్కడ ప్రవాహం పడవకు సహాయపడుతుంది. ఆగకుండా ప్రయాణించే జట్లు సాధారణంగా ఈ భాగాన్ని రాత్రివేళ దాటుతాయి. నదికి అడ్డంగా కట్టిన ఆనకట్టల వైపు చీకటిలో పొరపాటున మళ్ళితే ప్రాణాపాయం. అందువల్ల లాకు వైపు గట్టును ముందుగానే గుర్తుపట్టవలసి ఉంటుంది.

మూడవ భాగం టెడింగ్టన్ నుండి వెస్ట్‌మినిస్టర్ వరకు 17 మైళ్ళు. ఇక్కడ నదిపై సముద్రపు ఆటుపోట్ల ప్రభావం ఉంటుంది.

లాకులు, మోత

లాకు అంటే ఎత్తుపల్లాలు గల కాలువలో పడవలను ఒక నీటిమట్టం నుండి మరొక నీటిమట్టానికి చేర్చే, రెండు వైపులా తలుపులున్న తొట్టి వంటి కట్టడం. గోదావరి, కృష్ణా డెల్టా కాలువలపై ఉన్న లాకులు కూడా ఈ సూత్రం పైనే పనిచేస్తాయి. తొట్టి నిండడానికి, ఖాళీ కావడానికి చాలా సమయం పడుతుంది. అందువల్ల పందెంలో ఎవరూ లాకులోనుంచి పోరు. గట్టు పక్కకు వచ్చి, దిగి, పడవను భుజాన వేసుకొని పరుగెత్తి, లాకు అవతల మళ్ళీ నీటిలో దించుతారు. దీనిని పోర్టేజ్ అంటారు.

ఒక్కో మోతకు సగటున 3 నిమిషాలు పట్టిందనుకుంటే 77 మోతలకు 231 నిమిషాలు, అంటే దాదాపు 4 గంటలు అవుతుంది. కాబట్టి తెడ్డు వేయడంలో ఎంత నేర్పు ఉన్నా, మోత అభ్యాసం చేయని జట్టు వెనుకబడిపోతుంది. ప్రతి మోతలోను చల్లని నీటిలో తడిసిన కాళ్ళతో లేచి నిలబడడం, పరుగెత్తడం, తిరిగి ముడుచుకొని కూర్చోవడం శరీరాన్ని త్వరగా అలసిపోయేలా చేస్తుంది.

ఆటుపోట్లతో లెక్క

టెడింగ్టన్ దిగువన థేమ్స్ నది రోజుకు రెండుసార్లు పోటెక్కుతుంది, రెండుసార్లు తీస్తుంది. లండన్ నగర మధ్యలో ఈ తేడా 7 మీటర్ల వరకు ఉండవచ్చు. పోటు సమయంలో నీరు సముద్రం వైపు నుండి ఎగువకు వస్తుంది. అలసిపోయిన జట్టు దానికి ఎదురుగా 17 మైళ్ళు పోవడం దాదాపు అసాధ్యం. నీరు తీయడం మొదలైనప్పుడు ప్రవాహం లండన్ వైపు సాగుతుంది. అందువల్ల ఆగకుండా పోయే జట్లు టెడింగ్టన్‌కు నిర్ణీత సమయంలోనే చేరాలి. ఆ సమయం దాటిన తరువాత వచ్చినవారిని దిగువకు వదలరు.

ఈ నియమం వల్ల పందెపు లెక్క తలకిందులుగా ఉంటుంది. పోటీదారులు తాము చేరవలసిన సమయం నుండి వెనుకకు లెక్కించి, బయలుదేరే సమయాన్ని నిర్ణయించుకుంటారు. ఉదాహరణకు టెడింగ్టన్ వద్ద ఉదయం 6 గంటలకు అనుకూల సమయం మొదలవుతుందనుకుందాం. అక్కడికి 108 మైళ్ళు. 20 గంటలు పట్టే జట్టు ముందు రోజు ఉదయం 10 గంటలకు బయలుదేరాలి. 16 గంటలలో చేరగల జట్టు మధ్యాహ్నం 2 గంటలకు బయలుదేరితే చాలు. అనగా నెమ్మదిగా పోయేవారు ముందు, వేగంగా పోయేవారు వెనుక బయలుదేరుతారు. వేగవంతులు మరీ ముందుగా వస్తే పోటు తగ్గేదాకా చలిలో వేచి ఉండవలసి వస్తుంది. నెమ్మదివారు అంచనా తప్పితే, 100 మైళ్ళకు పైగా శ్రమించి కూడా గమ్యం చూడకుండానే ఆగిపోవలసి వస్తుంది.

పోటీ విభాగాలు

ప్రధాన విభాగంలో ఇద్దరు పెద్దలు కలిసి శనివారం బయలుదేరి, రాత్రంతా ఆగకుండా తెడ్డు వేసి, ఈస్టర్ ఆదివారం నాడు వెస్ట్‌మినిస్టర్ చేరతారు. ఒంటరిగా నడిపేవారికి, పిల్లలకు, మరికొన్ని వర్గాలకు నాలుగు రోజుల విభాగం ఉంది. గుడ్ ఫ్రైడే నాడు మొదలై సోమవారం ముగిసే ఈ విభాగంలో మజిలీలు ఇవి:

- మొదటి రోజు: డివైజెస్ నుండి న్యూబరీ, 34 మైళ్ళు
- రెండవ రోజు: న్యూబరీ నుండి మార్లో, 36 మైళ్ళు
- మూడవ రోజు: మార్లో నుండి టెడింగ్టన్ సమీపంలోని హామ్, 38 మైళ్ళు
- నాలుగవ రోజు: హామ్ నుండి వెస్ట్‌మినిస్టర్, 17 మైళ్ళు

సహాయక బృందం

ప్రతి జట్టుకు గట్టు మీద ఒక సహాయక బృందం ఉంటుంది. సాధారణంగా కుటుంబ సభ్యులు, స్నేహితులే ఈ పని చేస్తారు. వారు కారులో ఒక వంతెన నుండి మరొక వంతెనకు పోతూ, ముందుగా నిర్ణయించుకున్న చోట నీళ్ళు, వేడి ఆహారం, పొడి బట్టలు అందిస్తారు. తెడ్డు ఆపకుండా తినడం కష్టం కాబట్టి ఆహారమంతా మోత సమయంలోనే నోటికి అందించాలి. పడవలో ఉన్నవారు నిద్రలేమి వల్ల తమ స్థితిని తామే సరిగా అంచనా వేయలేరు. మాట తడబడడం, వణుకు ఆగకపోవడం వంటి అతిశీతల లక్షణాలను గట్టు మీదివారే ముందుగా గమనించాలి. పందెం మానిపించవలసిన సమయాన్ని గుర్తించడం కూడా వారి బాధ్యతే.

ఆగకుండా పోయే విభాగంలో బయలుదేరిన జట్లలో గణనీయమైన భాగం మధ్యలోనే విరమిస్తుంది. చలి, మణికట్టు నరాల వాపు, అరచేతుల బొబ్బలు, వాంతులు, పడవ పగలడం, ఆటుపోటు సమయం తప్పిపోవడం ఇందుకు ముఖ్య కారణాలు.

నిధుల సేకరణ విధానం

సేవా సంస్థ కోసం పాల్గొనేవారు పందెానికి కొన్ని నెలల ముందే తమ ఉద్దేశాన్ని ప్రకటిస్తారు. బంధువులు, స్నేహితులు, తోటి ఉద్యోగులు విరాళానికి హామీ ఇస్తారు. పూర్వం ఇందుకు కాగితపు పట్టిక ఉండేది. అందులో పేరు, మొత్తం రాసి, పందెం ముగిసిన తరువాత సొమ్ము వసూలు చేసేవారు. 2001లో జస్ట్‌గివింగ్ వంటి అంతర్జాల సేవలు మొదలైన తరువాత, దాతలు నేరుగా సంస్థకే సొమ్ము పంపే వీలు కలిగింది.

హామీలు రెండు రకాలు. మొదటిది, మొత్తం ప్రయాణానికి ఇంత అని ఇచ్చేది. రెండవది, మైలుకు ఇంత అని ఇచ్చేది. మైలుకు 10 పెన్నీలు ఇస్తానన్న దాత, పూర్తి దూరానికి 12 పౌండ్ల 50 పెన్నీలు చెల్లిస్తాడు. బ్రిటన్‌లో 1990లో ప్రవేశపెట్టిన గిఫ్ట్ ఎయిడ్ పద్ధతి ప్రకారం, ఆదాయపు పన్ను చెల్లించే దాత ఇచ్చిన ప్రతి పౌండుకు 25 పెన్నీలు ప్రభుత్వం నుండి సేవా సంస్థకు తిరిగి వస్తాయి. ఆ ప్రకారం 100 మంది తలా 10 పౌండ్లు ఇస్తే 1,000 పౌండ్లకు బదులు 1,250 పౌండ్లు సమకూరుతాయి.

పడవ, ప్రవేశ రుసుము, ప్రయాణపు ఖర్చులను పోటీదారులు తామే భరించి, విరాళాన్ని పూర్తిగా సంస్థకు చేర్చడం ఆదర్శంగా భావించబడుతుంది. విరాళంలో కొంత ఖర్చులకు వాడే పక్షంలో ఆ సంగతి దాతలకు ముందే తెలపాలి.

క్యాన్సర్ సేవా సంస్థలు

బ్రిటన్‌లో 1948 జూలై 5 నుండి జాతీయ ఆరోగ్య సేవ ద్వారా ప్రజలకు ఉచితంగా వైద్యం అందుతోంది. అటువంటప్పుడు క్యాన్సర్ కోసం విరాళాలు ఎందుకన్న సందేహం సహజం. ఆసుపత్రి వైద్యంతో తీరని అవసరాలు మూడు ఉన్నాయి: పరిశోధన, ఇంటి వద్ద సంరక్షణ, రోగి కుటుంబానికి ఆర్థిక, మానసిక ఆసరా. ఈ మూడింటిలోను స్వచ్ఛంద సంస్థల పాత్ర పెద్దది.

- మాక్‌మిలన్ క్యాన్సర్ సపోర్ట్: తండ్రి క్యాన్సర్‌తో మరణించిన తరువాత డగ్లస్ మాక్‌మిలన్ 1911లో స్థాపించిన సంస్థ. రోగులకు సలహా, నర్సుల సేవ, ఆర్థిక సహాయం అందిస్తుంది.
- మేరీ క్యూరీ: 1948లో మొదలైన సంస్థ. జీవిత చరమ దశలో ఉన్నవారికి ఇంటి వద్ద, సంరక్షణ కేంద్రాలలో సేవ చేస్తుంది.
- క్యాన్సర్ రీసెర్చ్ యూకే: రెండు పాత పరిశోధన సంస్థల విలీనంతో 2002లో ఏర్పడింది. దీని పరిశోధనలు ప్రధానంగా ప్రజల విరాళాలపై ఆధారపడి సాగుతాయి.

శరీర శ్రమతో క్యాన్సర్ నిధులు సేకరించే పద్ధతికి ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చినవాడు కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్. ఎముక క్యాన్సర్ వల్ల 1977లో కుడి కాలు కోల్పోయిన అతడు, 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలితో కెనడా దేశం మీదుగా పరుగు ప్రారంభించాడు. 143 రోజులలో 5,373 కిలోమీటర్లు పరుగెత్తిన తరువాత వ్యాధి ఊపిరితిత్తులకు పాకడంతో ఆగిపోయాడు. 1981 జూన్ 28న మరణించాడు. అతడు గమ్యం చేరలేదు. అయినా అతడి పేరిట నేటికీ అనేక దేశాలలో వార్షిక పరుగులు జరుగుతూ, పరిశోధనకు నిధులు సమకూరుతున్నాయి. డివైజెస్ పందెంలో మధ్యలో విరమించినవారికి కూడా దాతలు సాధారణంగా హామీ ఇచ్చిన సొమ్ము చెల్లిస్తారు. దాత చూసేది గడియారాన్ని కాదు, ప్రయత్నాన్ని.

తెడ్డు వేయడం, క్యాన్సర్ రోగులు

పడవ నడపడానికి, క్యాన్సర్‌కు మధ్య ఉన్న సంబంధం విరాళాలతో ఆగిపోదు. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలో చంకలోని లింఫ్ గ్రంథులను తొలగించిన స్త్రీలు చేతులతో బరువైన పని చేయరాదని, చేస్తే చేతిలో లింఫ్ ద్రవం నిలిచి వాపు వస్తుందని పూర్వం వైద్యులు హెచ్చరించేవారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన క్రీడా వైద్యుడు డాన్ మెకెంజీ 1996లో ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టాడు. రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన 24 మంది స్త్రీలకు క్రమంగా శిక్షణ ఇచ్చి, డ్రాగన్ పడవలో తెడ్డు వేయించాడు. వారిలో ఎవరికీ కొత్తగా వాపు రాలేదు. ఈ ఫలితాలు 1998లో ప్రచురితమయ్యాయి. ఆ తరువాత ఇటువంటి జట్లు అనేక దేశాలలో ఏర్పడ్డాయి.

కెనడాలో వైట్‌హార్స్ నుండి డాసన్ వరకు 715 కిలోమీటర్లు సాగే యూకాన్ రివర్ క్వెస్ట్ పోటీ 1999లో మొదలైంది. రొమ్ము క్యాన్సర్ నుండి కోలుకున్న స్త్రీల జట్టు ఒకటి ఈ పోటీలో పాల్గొంది. వారి ప్రయాణంపై "రివర్ ఆఫ్ లైఫ్" అనే డాక్యుమెంటరీ చిత్రం వచ్చింది. దీనిని బట్టి సుదూర నదీ ప్రయాణం రోగుల కోసం ఇతరులు చేసేది మాత్రమే కాదని, తగిన శిక్షణ, వైద్యుల సలహాతో కోలుకున్నవారు స్వయంగా చేయగలదని తెలుస్తుంది.

భిన్నాభిప్రాయాలు

సేవ చేయదలచినవారు నేరుగా విరాళం ఇవ్వవచ్చు కదా, శరీరాన్ని ఇంత కష్టపెట్టడం ఎందుకు అన్న ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. పడవకు, ప్రయాణానికి అయ్యే ఖర్చు సేకరించిన విరాళం కంటే ఎక్కువైతే ప్రయోజనమేమిటన్నది మరొక ప్రశ్న.

దీనికి సంబంధించి క్రిస్టఫర్ ఒలివోలా, ఎల్డార్ షఫీర్ అనే పరిశోధకులు 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. విరాళం సేకరించే పనిలో నొప్పి, శ్రమ ఉంటాయని తెలిసినప్పుడు ప్రజలు మరింత ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడతారని వారు గమనించారు. కష్టం వల్ల ఆ విరాళానికి అర్థం పెరిగినట్లు భావించడమే ఇందుకు కారణమని వివరించారు. దీనికి "త్యాగ ప్రభావం" అన్న భావం వచ్చే పేరు పెట్టారు. కష్టపడి సేకరించిన విరాళం గురించి పది మందికి తెలియడం, తద్వారా వ్యాధి పట్ల అవగాహన పెరగడం కూడా ఇటువంటి ప్రయాణాల ప్రయోజనంగా మద్దతుదారులు చెబుతారు.

అయితే కష్టం ఎంత ఎక్కువైతే అంత మంచిదని భావించడం ప్రమాదకరం. చల్లని నీటిలో రాత్రి ప్రయాణానికి నెలల తరబడి శిక్షణ అవసరం. దాతలకు మాట ఇచ్చామన్న మొహమాటంతో ఆరోగ్యం క్షీణించినా ఆపకుండా పోవడం తగదు. విరమించడం సరైన నిర్ణయం కావలసిన సందర్భాలు ఈ పందెంలో తరచుగా వస్తాయి. ప్రమాదం కనిపించినప్పుడు జట్టును పోటీ నుండి తప్పించే అధికారం నిర్వాహకులకు ఉంటుంది.

ఇవి కూడా చూడండి

- కయాక్
- థేమ్స్ నది
- ఆటుపోట్లు
- రొమ్ము క్యాన్సర్
- టెర్రీ ఫాక్స్